బోటు మీద ఉండిపోయేవాళ్లు

పగడాల మధ్య తిరిగే చేపల్ని చూద్దామని అండమాన్ వెళ్లే మనవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. వాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ పైన బోటులో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. చేపలతో వాళ్లకి పని లేదు. వాళ్ల చూపంతా దిగిన మనుషుల మీదే.

స్వరాజ్ ద్వీప్‌లో సూర్యుడికి తొందరెక్కువ. దేశమంతటికీ ఒకటే గడియారం కాబట్టి ఎక్కడో తూర్పున ఉన్న ఈ దీవిలో ఐదింటికల్లా తెల్లారిపోతుంది. సాయంత్రం ఐదున్నర దాటితే దీపాలు వెలిగించాల్సిందే. అందుకే సముద్రం మీద పనులన్నీ పొద్దుటే. 2018 డిసెంబరులో పేరు మారినా చాలామంది ఇంకా హావ్‌లాక్ అనే అంటారు. ఆ హావ్‌లాక్ హోటళ్లలో టూరిస్టు కళ్లు నులుముకునే వేళకి డైవింగ్ బోటు కళాసీ సగం చాకిరీ ముగించి ఉంటాడు. సిలిండరు ఖాళీదైనా 14 కిలోల దాకా తూగుతుంది. పదిమంది రెండేసి సార్లు మునగాలంటే 20 సిలిండర్లు కావాలి, గైడ్లవి వేరే. అన్నీ భుజం మీదే బోటుకి చేరాలి. ఆటు వేళయితే బోటు ఒడ్డుకి రాదు. నీళ్లు వెనక్కి తగ్గి పాకుడు రాళ్లు, చచ్చిన పగడపు ముక్కలు బయటపడతాయి. మోకాలి లోతులో వాటి మీద అడుగులేస్తూ దూరంగా ఆగిన బోటు దాకా మోయాలి. పగడం గీరుకున్న గాయం ఓ పట్టాన మానదు. ఈ పనిలో పాతబడ్డవాళ్ల పాదాలు చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ డైవింగ్‌కి తిప్పే బోట్లు చాలావరకు డుంగీలు. అంటే అండమాన్ జాలర్లు వేటకి వాడే చెక్క పడవలే. లోపల డీజిల్ ఇంజను చప్పుడు చేస్తుంటుంది. సిలిండర్లు నిలబెట్టడానికి అంచుల వెంబడి చట్రాలు, ఎండ తగలకుండా పైకప్పు, నీళ్లలోంచి ఎక్కడానికి నిచ్చెన బిగిస్తే డైవింగ్ బోటు తయారు. దగ్గరి చోట్లకి పావుగంట చాలు. డిక్సన్స్ పినాకిల్, జానీస్ గార్జ్ లాంటి లోతైన చోట్లకి గంట, ఆపైన పడుతుంది. డీజిల్ వాసనకీ ఊపుకీ తల తిరిగేవాళ్లు ముందుగా వెనక అంచున చేరతారు. పొగ వచ్చేదీ అక్కడికే. కళాసీ వాళ్లని ముందుకి తీసుకొచ్చి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతని చూస్తూ కూర్చోమంటాడు. ఫోన్ చూడొద్దంటాడు. ఈ రెండో మాట ఎవరూ వినరు.

ఈ బోట్ల మీద రెండు రకాల మనుషులుంటారు. నీళ్లలోకి దిగి టూరిస్టుల్ని తిప్పే ఇన్‌స్ట్రక్టర్లు చాలామంది ముంబయి నుంచో బెంగళూరు నుంచో మరో దేశం నుంచో సముద్రం మీద మోజుతో వచ్చినవాళ్లు. ఇంగ్లిషు బాగా వచ్చు, చేతిలో అంతర్జాతీయ సర్టిఫికెట్లుంటాయి. బోటు నడిపే సరంగు, అతని కింద పనిచేసే కళాసీలు మాత్రం దీవుల వాళ్లు. టూరిస్టు ఫోటోల్లో ఇన్‌స్ట్రక్టరు ఉంటాడు. సరంగు ఉండడు. జీతాల్లోనూ అంతే తేడా.

హావ్‌లాక్‌లోని గోవింద్‌నగర్, విజయ్‌నగర్, శ్యామ్‌నగర్ ఊళ్లు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకి భూములిచ్చి నిలబెట్టినవి. అందుకే బోట్ల మీద బెంగాలీ ఎక్కువ వినబడుతుంది. ఉత్తరాన మాయాబందర్ వైపు కరెన్లున్నారు. 1925లో బర్మా నుంచి వచ్చి అక్కడి అడవుల్లో స్థిరపడినవాళ్లు. నీళ్లలో వాళ్లకున్న చేవ దీవులంతటా ప్రసిద్ధం. ఇందాక చెప్పిన జానీ, డిక్సన్ ఏ బ్రిటిష్ దొరలో అనుకుంటాం. కాదు, ఇక్కడే డైవింగ్ చేసిన స్థానికుల పేర్లవి. ఈ పనివాళ్లకి దక్కిన గుర్తింపు ఏదైనా ఉందంటే నీళ్ల అడుగున ఉన్న ఆ రెండు గుట్టల పేర్లే.

మనవాళ్లూ తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనంలో దాదాపు 13 శాతం తమ మాతృభాష తెలుగని చెప్పుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేట కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవు చుట్టూ కనబడతాయి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. విశాఖలో ఓడ ఎక్కితే రెండు రోజులు దాటిన ప్రయాణం. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లతో ఒక తీరం కనిపించేది. అదే నార్త్ బే. టూరిస్టుల్ని స్నార్కెలింగ్‌కి తీసుకెళ్లే ఆ వైపు బోట్ల మీద తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అప్పటిదాకా "భయ్యా, ఎంత లోతుంటుంది?" అని హిందీలో కుస్తీ పడుతున్న కుటుంబానికి "మీదే ఊరు బాబూ?" అని వెనక నుంచి వినబడితే సగం భయం అక్కడే దిగిపోతుంది.

ఇలా వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల వేటకాళ్లు ఈ పనికి తెచ్చిన విద్య ఏ కోర్సులోనూ ఉండదు. లంగరు దించిన బోటు ఏ వైపు తిరిగి నిలబడిందో చూసి నీటి లాగుడు చెబుతారు. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక ఒక కొండ కొమ్ము ఒకే వరసలోకి వస్తే కింద బండ ఉన్నట్టు గుర్తు పెట్టుకుంటారు. జీపీఎస్ వచ్చాక ఆ అవసరం తగ్గింది గానీ బ్యాటరీ అయిపోయిన రోజున కొండ ఎక్కడికీ పోదు.

ఆక్సిజన్ కాదండీ, గాలే

బోటెక్కిన ప్రతి బృందంలో ఒకరైనా "ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపొస్తుంది?" అని అడుగుతారు. అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. దాన్ని వడగట్టి 200 బార్ ఒత్తిడితో కుక్కుతారు. ఉత్త ఆక్సిజన్ నింపుకుని దిగితే 6 మీటర్ల లోతు దాటాక అదే విషమవుతుంది, మూర్ఛ వస్తుంది. బోటులో అసలు ఆక్సిజన్ ఉండేది ఒక్క చిన్న సీసాలో. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ముక్కుకి పెట్టడానికి. ఆ సీసా నిండుగా ఉందో లేదో పొద్దున్నే చూడటం కళాసీ పనే.

సైగలతో ఇంకో తంటా. బొటనవేలు పైకెత్తితే మనకి "బ్రహ్మాండం" అని. డైవింగ్‌లో "పైకి పోదాం" అని. తొలిసారి దిగినవాళ్లు రంగుచేపని చూసిన ఆనందంలో బొటనవేలు ఎత్తుతారు, ఇన్‌స్ట్రక్టరు మారుమాట లేకుండా పైకి తీసుకొచ్చేస్తాడు. డబ్బులు పోయాయని బోటు మీద గొడవ. అంతకన్నా ప్రమాదం చెయ్యి ఊపడం. నీళ్లలోంచి చెయ్యెత్తి ఊపితే "ఆపదలో ఉన్నాను" అని అర్థం. బోటులో వీడియో తీస్తున్న మరదలికి టాటా చెబుదామని ఊపితే సరంగు ఇంజను తిప్పి ఎదురొస్తాడు. బోటు మీద ముందే చెప్పే పది నిమిషాల పాఠంలో ఇవన్నీ ఉంటాయి. ఆ పది నిమిషాలూ జనం సెల్ఫీలు దిగుతుంటారు.

ఈత రానివాళ్లకి కూడా దిగే వీలున్న తొలి డైవ్‌కి లోతు పరిమితి 12 మీటర్లు. హావ్‌లాక్‌లో సాధారణంగా ఒక్కో టూరిస్టుకి ఒక్కో ఇన్‌స్ట్రక్టరు వెనక నుంచి సిలిండరు పట్టుకుని తిప్పుతాడు. పదే మీటర్లు దిగినా ఒత్తిడి నేల మీదకన్నా రెండింతలు. అక్కడ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. భయంతో ఊపిరి బిగబట్టి పైకి ఉరికితే ఊపిరితిత్తులు చీలతాయి. అందుకే మొదటి సూత్రం, చివరి సూత్రం కూడా, ఊపిరి ఆపకూడదు. జబ్బుల పత్రంలో ఆస్తమా, గుండె సంగతి దాచిపెట్టి సంతకం చేసేవాళ్లు బోలెడంత మంది. డబ్బు కట్టేశాం, దీవి దాకా వచ్చేశాం, ఇప్పుడు వద్దంటే ఎలా అని. సిలిండరు బిగించేటప్పుడే చేతులు వణుకుతున్నదెవరికో, రాత్రి మందు వాసన ఇంకా పోనిదెవరికో పట్టుకునేది కళాసీయే. ఇన్‌స్ట్రక్టరు చెవిలో ఒక మాట వేస్తాడు. దిగడం ఆగిపోతుంది. ఆ టూరిస్టు దృష్టిలో ఆ రోజుకి విలన్ ఎవరో వేరే చెప్పాలా?

"మీ ఫ్లైట్ ఎప్పుడు?" అని కూడా బోటువాళ్లు అడుగుతారు. ఒకటికి రెండు డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. పైన పీడనం తగ్గితే అది ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లనొప్పితో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. దానికి వైద్యం చేసే పీడన గది శ్రీ విజయపురంలోని నౌకాదళ ఆస్పత్రిలో ఉంది. హావ్‌లాక్ నుంచి ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటల దూరం, అదీ ఫెర్రీ ఉన్న వేళలోనే.

ఎందరు దిగారు, ఎందరు ఎక్కారు

పెళ్లివారి బస్సు కదిలే ముందు "అందరూ ఎక్కారా?" అని కేకేస్తే "ఆఁ, ఎక్కాం" అని నలుగురు అరుస్తారు. పెదనాన్న టీకొట్టు దగ్గరే ఉండిపోతాడు. బోటు మీద లెక్క అలా నడవదు. పేరు పిలవాలి, ఆ మనిషే పలకాలి, ఆ మొహం చూడాలి. మొగుడి తరఫున పెళ్లాం పలికినా చెల్లదు. రేవు వదిలే ముందు ఒకసారి, నీళ్లలోకి దిగేటప్పుడు ఒకసారి, ఎక్కాక ఒకసారి, ఇంకో చోటికి కదిలే ముందు మళ్లీ. దిగిన సమయం, దిగేటప్పుడు సిలిండరులో గాలి ఎంత, పైకొచ్చాక ఎంత అనేది పలక మీద రాసుకుంటారు. వినడానికి ఇంత తేలికైన పని ఎందుకు తప్పుతుందా అనిపిస్తుంది. తడిసిన నల్ల సూట్లు, మాస్కు ముద్రలు పడ్డ మొహాలు, అందరూ ఒకేలా ఉంటారు. ఒకడు ఎక్కి, ఫిన్స్ విప్పి, చల్లగా ఉందని మళ్లీ దూకుతాడు. ఒకావిడ వెనక కడుపులో తిప్పి వంగి ఉంటుంది. రెండు బృందాలు ఒకేసారి పైకి తేలతాయి. అప్పుడు తలలు లెక్కపెడితే ఏ అంకె కావాలంటే ఆ అంకె వస్తుంది.

ఈ లెక్కలకి ఇంత పట్టుదల రావడం వెనక ఒక ఘటన ఉంది. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కి పోర్ట్ డగ్లస్ నుంచి ఒక డైవింగ్ బోటు వెళ్లింది. సెయింట్ క్రిస్పిన్ రీఫ్ దగ్గర అందరూ దిగారు, ఎక్కారు, బోటు వెనక్కి తిరిగింది. టామ్, ఐలీన్ లోనర్గాన్ అనే అమెరికన్ దంపతులు మాత్రం నీళ్లలోనే మిగిలిపోయారు. వాళ్లు లేరన్న సంగతి రెండు రోజుల తర్వాత, బోటు మీద వాళ్ల సంచి కనబడ్డాక గానీ తెలియలేదు. ఎంత వెతికినా వాళ్ల దేహాలు దొరకలేదు. బోటు నడిపిన వ్యక్తి మీద కేసు నడిచి, కోర్టు నిర్దోషి అంది. ఆ తర్వాత ఆ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నిబంధనలు బిగిశాయి. లెక్క కాగితం మీద ఉండాలి, పైకొచ్చిన డైవరు తన పేరు దగ్గర తానే సంతకం చేయాలి. ఈ కథ స్ఫూర్తితోనే 2003లో 'ఓపెన్ వాటర్' సినిమా వచ్చింది. డైవింగ్ నేర్చుకునే ప్రతివాళ్లూ దాన్ని చూసే ఉంటారు, చూశాక రెండు రోజులు నీళ్లలోకి దిగమన్నా దిగరు.

మరుపు ఒక రకం, నిద్ర ఇంకో రకం. 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్‌సెప్షన్ అనే డైవింగ్ బోటు తగలబడింది. కింది అరలో పడుకున్న 34 మంది చనిపోయారు. వాళ్లలో అమెరికాలో ఉంటున్న మన దేశపు యువ దంపతులూ ఉన్నారు. రాత్రంతా ఒకరు మేలుకుని బోటంతా తిరుగుతూ కాపలా కాయాలని నిబంధన. ఆ రాత్రి ఎవరూ మేలుకుని లేరు. కెప్టెన్‌కి 2024లో నాలుగేళ్ల జైలు పడింది. హావ్‌లాక్ బోట్లు పగటిపూట వెళ్లి వచ్చేవే కాబట్టి అంతటి ప్రమాదం ఇక్కడ లేదు అనొచ్చు. కానీ చార్జింగ్‌కి పెట్టిన కెమెరా బ్యాటరీలు, డీజిల్, చెక్క ఇక్కడా ఉన్నాయి.

డైవర్లు కిందికి దిగాక పైన చేసే పని చూసేవాళ్లకి పనిలా కనబడదు. సరంగు బీడీ కాలుస్తూ నీళ్లకేసి చూస్తుంటాడు, అంతే. అతను చూస్తున్నది బుడగల్ని. ఒక్కో గుంపు బుడగలు ఒక్కో దిక్కున పైకి వస్తుంటాయి. ఏ బుడగలు ఎవరివో, ఏ గుంపు లాగుడుకి కొట్టుకుపోతోందో చూసుకుంటూ బోటుని దూరంగా అనుసరింపజేయాలి. గాలి లేచి అలల మీద నురగ కడితే బుడగలు మాయం. వానొస్తే నీళ్ల మీద అన్నీ బుడగలే. అప్పుడిక గడియారమే దిక్కు. 45 నిమిషాలకి పైకి రావాల్సినవాళ్లు 50 అయినా రాకపోతే సరంగు లేచి నిలబడతాడు. డైవర్లు కింది నుంచి వదిలే నారింజ రంగు గాలిగొట్టం ఎక్కడో పైకి లేస్తే మళ్లీ కూర్చుంటాడు. పైకొచ్చిన మనిషి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంజను గేరులో ఉండకూడదు. పంకా రెక్క ఎవరినీ గుర్తుపట్టదు. నిచ్చెన ఎక్కుతున్నవాళ్ల కింద ఇంకొకరు ఉండకూడదు. 14 కిలోల సిలిండరు పట్టు జారితే కింది తల మీదే పడుతుంది.

నిజానికి డైవింగ్ కన్నా స్నార్కెలింగే గుండెలు దడదడలాడించే పని. డైవర్‌కి పక్కనే ఇన్‌స్ట్రక్టరుంటాడు. స్నార్కెల్ గొట్టం నోట్లో పెట్టుకున్నవాళ్లని మాత్రం అందరూ "పైనే ఉన్నారుగా" అని వదిలేస్తారు. నీళ్ల మీద బోర్లా తేలుతూ, కదలకుండా, ఒళ్లు మరిచి చేపల్ని చూస్తున్న మనిషీ, స్పృహ తప్పిన మనిషీ దూరం నుంచి అచ్చం ఒకేలా ఉంటారు. మునిగిపోయేవాడు సినిమాలో లాగా కేకలెయ్యడు. క్వీన్స్‌లాండ్ బోట్లలో గుండెజబ్బులున్నవాళ్లకీ పెద్దవయసువాళ్లకీ వేరే రంగు జాకెట్లు తొడిగి ప్రత్యేకంగా కనిపెట్టి ఉంటారు. మన హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో పద్ధతి వేరు. ట్యూబు లాంటి ఒక రింగు, దాన్ని ఒకవైపు టూరిస్టు పట్టుకుంటే రెండోవైపు గైడు ఈదుకుంటూ లాగుతాడు. లైఫ్ జాకెట్టు వేసుకున్న ఇద్దరు బరువైన మనుషుల్ని ఎదురు లాగుడులో అరగంట లాగి, మధ్యలో ఒక చేత్తో నీళ్లలో ఫోటోలు తీసి, ఒడ్డుకి చేర్చి, మళ్లీ వెళ్లాలి. బీచ్ నిండిన రోజున ఇదెన్నిసార్లో వాళ్లూ లెక్కపెట్టరు. చూడటానికి చవకబారుగా ఉందని డైవింగ్ మనుషులు ఈ పద్ధతిని వెక్కిరిస్తారు. ఈత రాని దేశం నుంచి వచ్చే జనానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకైతే తోచలేదు. ఒకరి చెయ్యి ఒకరికి అందేంత దగ్గరలో ఉంటుంది కదా.

రంగుల గొడవ

"ఫోటోలో ఎర్రగా ఉంది, ఇక్కడ బూడిదరంగులో ఉందేంటి?" ఈ ఫిర్యాదు రోజూ ఉండేదే. సగం కారణం నీళ్లే. సూర్యకాంతిలో ముందుగా ఇంకిపోయేది ఎరుపు. కొద్ది మీటర్లు దిగగానే ఎర్రటిదంతా నల్లగానో నీలంగానో కనబడుతుంది. ఫోటోలో ఉన్న ఎరుపు టార్చిలైటుదో కంప్యూటరుదో.

మిగతా సగం కారణం చెప్పడానికి కళాసీకి అంత ఉత్సాహం ఉండదు. పగడపు పురుగు ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే దానికి రంగూ తిండీ ఇస్తుంది. సముద్రం వేసవిలో మామూలు కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే ఆ నాచుని అది బయటికి నెట్టేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. 2010 వేసవి దెబ్బ పెద్దది. అంతకుముందు 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ పడమటి అంచు పైకి లేచి, అక్కడి పగడాలు నీళ్లలోంచి బయటపడి ఎండకే చచ్చాయి. కొమ్ములు కొమ్ములుగా ఉండే పగడం ఏడాదికి పది సెంటీమీటర్లు పెరగొచ్చు గానీ, బండలా ఉండేది ఒక్క సెంటీమీటరుకి అటూ ఇటూ. నడుమెత్తు బండ ఉందంటే అది మన ముత్తాతల కాలానిది. దాని మీద ఒక లంగరు పడితే ఒక్క క్షణం పని. అందుకే లంగరు ఎక్కడ వేయాలో, వేయకూడదో తెలిసిన సరంగు ఆ రీఫ్‌కి ఏ అధికారికన్నా ఎక్కువ మేలు చేస్తాడు. కట్టుకోవడానికి శాశ్వతమైన తేలుడు బుంగలుంటే లంగరు అవసరమే ఉండదు. అవి అన్నిచోట్లా లేవు.

వండూర్ నుంచి వెళ్లే జాలీ బోయ్ దీవి దగ్గర క్రమశిక్షణ ఎక్కువ. 1983లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులోది అది. ప్లాస్టిక్కు తేకూడదు. టూరిస్టు సంచుల్లోంచి చిప్స్ ప్యాకెట్లు బయటికి తీయించేటప్పుడు పడే తిట్లు వినడం బోటువాళ్ల దినచర్య. ఇంకో దినచర్య ఒడ్డున ఏరిన పగడపు ముక్కని పిల్లల చేతుల్లోంచి తీసుకుని నీళ్లలో వేయడం. పగడాలకి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పులితో సమానంగా చోటుంది. చచ్చిన ముక్కయినా సంచిలో దొరికితే విమానాశ్రయంలో ఇబ్బందే. "ఒక్కటే కదా అన్నా" అంటారు. అందరూ ఒక్కటే అంటారు.

మే నెలలోనే నైరుతి ఋతుపవనం దిగుతుంది, జూన్‌కల్లా బోట్లు ఒడ్డెక్కుతాయి. ఇన్‌స్ట్రక్టర్లు వాళ్ల వాళ్ల ఊళ్లకో, సీజన్ నడిచే మరో దేశానికో వెళ్లిపోతారు. కళాసీ ఎక్కడికి పోతాడు? బోటు అడుగున అంటుకున్న గుల్లలు గీకడం, సందుల్లో కీలు కూరడం, రంగు వేయడం, మధ్యమధ్య వేట, కూలి. అక్టోబరు దాకా అదే. ఈ నాలుగు నెలల్లోనే వాళ్లకి డైవ్‌మాస్టర్ శిక్షణ ఇప్పిస్తే బోట్ల యజమానులకీ లాభమే. కానీ శిక్షణ ఖరీదు, పైగా పుస్తకాలూ పరీక్షా చాలావరకు ఇంగ్లిషులో. పదిహేనేళ్లుగా నీళ్లలో బతుకుతున్న మనిషి ఒత్తిడి లెక్కల ప్రశ్నపత్రం దగ్గర ఆగిపోతాడు. దాన్ని దాటి ఇన్‌స్ట్రక్టర్లయినవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా కరెన్లలో. వాళ్లు నడిపే డైవ్‌కి, బయటినుంచి వచ్చినవాళ్లు నడిపే డైవ్‌కి తేడా చేపలకి బాగా తెలిసినట్టుంటుంది. కళాసీలందరికీ కనీసం ప్రాణాధార చికిత్స, ఆ ఆక్సిజన్ సీసా వాడకం నేర్పించడం తప్పనిసరి చేయాలి. కెమెరా కొనడానికి ఆలోచించని యజమాని దీనికి ఆలోచిస్తాడంటే నాకు నమ్మబుద్ధి కాదు.

మధ్యాహ్నానికి బోట్లు తిరిగొస్తాయి. టూరిస్టులు ఒడ్డున వీడియో కోసం ఎగబడుతుంటే, కళాసీలు సూట్లు, గొట్టాలు, మాస్కులు మంచినీళ్లలో కడిగి ఆరేస్తారు. రబ్బరు వలయాలు చూసి అరిగినవి మారుస్తారు. సాయంత్రానికి కంప్రెసర్ దగ్గర చేరి సిలిండర్లు నింపడం మొదలవుతుంది. గాలి లాక్కునే గొట్టం మూతి ఎటు పెట్టాలనేది ఇక్కడ ముఖ్యం. గాలివాలు మారి కంప్రెసర్ పొగే గొట్టంలోకి పోయిందా, మర్నాడు 20 మీటర్ల లోతున ఎవరో కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తారు. దానికి వాసన కూడా ఉండదు. అందుకని ఒకడు నింపుతుంటే ఇంకొకడు ఆకుల వంక చూస్తూ, అవసరమైనప్పుడల్లా గొట్టం జరుపుతుంటాడు. నింపడం అయ్యాక ఆఫీసులోంచి మర్నాటి పట్టీ వస్తుంది. పేరు, వయసు, బూటు సైజు, 'ఈత వచ్చా?' అనే గడి. సరంగు ముందు చూసేది ఆ చివరి గడినే. వరసగా 'లేదు, లేదు, లేదు' అనే ఉంటుంది, ఎప్పుడో ఒకచోట 'కొంచెం'. ఆ 'కొంచెం' పక్కన అతను పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకుంటాడు. అసలు రానివాళ్లు చెప్పిన మాట వింటారు.